తుమ్మిన ఫొటో

ప్రెస్‌నోట్లు రాసుడు నా పని.
పన్నెండేండ్ల సంది ఒకటే కుర్చీ, ఒకటే వాక్యం:
"కళాశాలకు గర్వకారణమని ప్రిన్సిపాల్ కొనియాడారు."
ముందు పేర్లు మారుతయి.
గేట్ ర్యాంకు, పేటెంటు, హాకీలో కాంస్యం,
పిడుగుకు కాలి మళ్లీ లేచిన కంప్యూటర్ ల్యాబు,
అన్నిటికీ అదే తోక.

ఈసారి వార్త నాగ్‌పూర్ నుంచి వచ్చింది.
మెకానికల్ మూడో ఏడు పిల్లలు,
ఈసంపెల్లి నిఖిత, బాదావత్ సేవ్యా, ఇర్షాద్.
మిర్చి బస్తాలో తేమ చెప్పే యంత్రానికి
రెండో బహుమతి.

యంత్రమంటే పెద్దదేం కాదు.
పాత కూలర్ డబ్బా, సైకిల్ పుల్లంత సూది,
అంకెలు వెలిగే ఎర్ర అద్దం.
బస్తాల గుచ్చితే
పదకొండు పాయింట్ రెండు అంటది.
అంతకు మించి మాట్లాడదు.

ఎనుమాముల మార్కెట్ల మాట్లాడేది అరచెయ్యి.
ఖరీదుదారు మోచేతి దాకా దించి
పిడికెడు తీసి పిసికి పెదవి విరుస్తడు:
"పచ్చి ఉందిరా."
ఆ రెండు మాటలకు
క్వింటాకు వెయ్యి రాలిపోతది.
నిఖిత నాయిన మొగిలి అక్కడ హమాలీ.
ఆ చెయ్యి దిగుడు, ఆ పెదవి విరుపు
రాత్రి అన్నం ముందర చేసి చూపెడితే
పిల్ల నవ్వేదట.
ఇంటర్ చదివే ఏడు ఒకనాడు నవ్వలేదట.
ఈ సంగతి నోట్‌ల రాసిన.
"స్థలాభావం" అని సూపరింటెండెంటు కొట్టేసిండు.

ఫొటో రోజు
వర్క్‌షాప్ మెట్ల మీద బ్యానరు, శాలువాలు,
తలకు రంగేసుకొచ్చిన డీన్ సారు.
బస్తా కావాలంటే మొగిలి వీపు మీదనే మోసుకొచ్చిండు.
చపాటా తెమ్మంది నిఖిత,
రంగు ఎక్కువ, ఘాటు తక్కువ అని.
ఆయన తేజ తెచ్చిండు.
"ఘాటు లేంది మిర్చెట్లయితది బిడ్డా."

కుట్టు విప్పిండ్రు. సూది దిగింది.
అప్పుడే గాలి మళ్లింది.

మొదలు డీన్ సారు.
తర్వాత శాలువా పట్టుకున్న మేడం, శాలువాలోనే.
ఆపుకుందామని ఆపుకుందామని
ప్రిన్సిపాల్ గారు ఒక్క గుక్కల ఏడు.
వెనుకనుంచి ఎవడో ఫైనలియర్ పోరడు
"నూరేండ్లు సార్!" అని కేకేసిండు.
మా కాలేజీ గ్రేడు
తుమ్మితే ఊడే ముక్కని స్టాఫ్‌రూంల రోజూ అనుకుంటం.
ఆ రోజు అందరం తుమ్మినం.
ఏదీ ఊడలే.

పదకొండు ఫొటోలు,
పదకొండింట్లనూ మూసుకున్న కండ్లే.
చివరికి బస్తా తీసేయించి,
ముఖాలు కడిగించి, మళ్లీ నిలబెట్టిండ్రు.
గాలిలో సూది, అద్దం మీద సున్నా,
అందరి పెదవుల మీద నవ్వు.
అదే అచ్చయింది, ఐదో పేజీ, రెండు కాలాలు.

అచ్చు కానిది ఒకటి నా సొరుగుల ఉంది.
వరస మొత్తం వంగిపోయి,
కండ్లద్దాలు జారి, నోళ్లు తెరిచి,
పెండ్లిల బ్యాండు వాయించేటోళ్ల లెక్క ఉంటరు.
అంచున మొగిలి ఒక్కడే
రెప్పెయ్యకుండ కెమెరా దిక్కు చూస్తుంటడు.
ఒక చెయ్యి బస్తా మూతి మీద.
అద్దం మీద పది పాయింట్ నాలుగు.
అది పర్వతగిరి రైతు బస్తా.
ముందునాడు మార్కెట్ల
పచ్చి ఉందని పక్కకు నెట్టిందట.

నోట్ పూర్తి చెయ్యాలె గదా,
"కొనియాడారు" అని కొట్టి చుక్క పెట్టిన.

బ్యానర్ దిగి నెలయింది.
డ్రాఫ్టర్లు సంకల పెట్టుకుని మెట్లెక్కే
ఫస్టియర్ పిల్లలు నడుమ ఆగి తుముతున్నరు.
ఎందుకో వాళ్లకు తెల్వది.
ఊడ్చే రాజవ్వ అంటది,
మెట్ల సందులల్ల ఇంకా గింజలున్నయట,
చీపురుకు వస్తలేవట.